తేనె పట్టా

తేనెటీగల గుంపు మీ ఇంటి మీదో, ఆఫీసు మీదో వచ్చి వాలితే ఏం చెయ్యాలని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక్కటే జవాబు. గమ్మునుండాలి. కర్రతో పొడవకూడదు, నిప్పు పెట్టకూడదు, ఊరందరికీ ఫోన్లు చెయ్యకూడదు, ముఖ్యంగా బోర్డు రాయకూడదు. మా ఆఫీసు వాళ్లం ఒక్క పూటలో వీటిలో మూడు చేసి, నాలుగోది చెయ్యబోయి ఆగాము. బోర్డు రాసింది నేను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇది చదివి నవ్వుకుంటే నాకేం బాధ లేదు. నేనూ నవ్వుకున్నాను. కాకపోతే నాకు చాలా రోజులు పట్టింది.

నేను తహశీల్దారు ఆఫీసులో అటెండరుగా పనిచేసినదాన్ని. ఏ మండలమో చెప్పను. చెబితే ఇంకా అక్కడ పనిచేస్తున్నవాళ్లు నా మీదికి వస్తారు. మా ఆయన అదే ఆఫీసులో అటెండరు. ఆయన పోయాక ఆయన కుర్చీ నాకిచ్చారు అని చెప్పాలని ఉంటుంది గానీ, అటెండరుకు కుర్చీ ఎక్కడిది, స్టూలు ఇచ్చారు. చేరిన రోజు రిజిస్టరులో వేలిముద్ర వేశాను. ఆ ఊదా సిరా మూడు రోజులు పోలేదు. సంగటి ముద్ద కలుపుకుంటే దానికీ అంటుకునేది. నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. చిన్నపిల్లలు ఆడుకుంటూ నేర్చుకునేవి నేను పొయ్యి ముందర బొగ్గుతో రాసుకుంటూ నేర్చుకున్నాను. ఆ తర్వాత మొండిగా కూర్చుని ఏడో తరగతి కూడా పాసయ్యాను.

ఏడో తరగతి ఉంటే అటెండరు రికార్డు అసిస్టెంటు కావచ్చు. స్టూలు పోయి కుర్చీ వస్తుంది. దానికి మా సారు ఒక్క కాగితం మీద, ఈమెకు చదవడం రాయడం వచ్చు అని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం ఉన్న ఫైలు ఆరు నెలలుగా ఆయన టేబులు మీదే ఉంది. రోజూ పొద్దున టేబులు తుడిచేది నేనే. నా ఫైలు దుమ్ము నేనే దులిపి, మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. మా సారు మంచివాడే. కోస్తా నుంచి వచ్చినాయన. నన్ను ‘అండి’ అన్న మొదటి ఆఫీసరు ఆయనే. కాకపోతే సీటులో దొరికేవాడు కాదు. ఎప్పుడు చూసినా మీటింగు, లేకుంటే క్యాంపు.

నేను చెప్పబోయే రోజుకు మరుసటి రోజు ఆ కాగితం అనంతపురం చేరాలి. చేరకపోతే ఖాళీ ఇంకొకరికి పోతుంది. నాకు అప్పటికి నాలుగేళ్ల సర్వీసు మిగిలింది. నాలుగేళ్లూ స్టూలు మీదే.

ఆ రోజు దేవుడి దయవల్ల సారు వచ్చాడు. నేను ఫైలు పైకి తీసిపెట్టి, కాఫీ ఇచ్చి, అడగడానికి నోరు తెరిచాను. అప్పుడు వినబడింది మోత. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ముందు వస్తుందే, అట్లాంటి మోత. వరండాలోకి వచ్చి చూస్తే ఆకాశంలో నల్లటి పొగ తిరుగుతోంది. అది కాంపౌండు గోడ దాటి, జెండా దిమ్మె దాటి, వరండాలోకి దూరి, నేరుగా సారు గది తలుపు పైన వాలింది. అక్కడ సారు పేరు, హోదా రాసిన పలక ఉంది. కొద్దిసేపట్లో పేరు మూసుకుపోయింది. ఆ తర్వాత హోదా కూడా. ఈగ మీద ఈగ, మూరెడు పొడవున గడ్డం మాదిరి వేలాడింది. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. సారు లోపలి నుంచి తలుపు సందులో తొంగి చూసి, రెండు రెక్కలూ మూసి గడియ పెట్టుకున్నాడు. ఆ గదికి ఇంకో దారి లేదు. వెనక పక్క కాంపౌండులోకి ఒక కిటికీ, దానికి ఇనుప ఊచలు.

మా సీనియర్ అసిస్టెంటు ఇంగ్లీషులో ఎమ్మే. ఏ పనైనా తనకు తెలుసనుకునే మనిషి. బూజు కర్ర తెచ్చాడు.

“అన్నా, వద్దు,” అన్నాను.

“నీకు తెలీదక్కా. ఇది సైకాలజీ. మనం భయపడమని వాటికి తెలియాల,” అని పొడిచాడు.

వాటికి సైకాలజీ రాదు. కుడి చేతి మీద ఐదో ఆరో కుట్టాయి. ఎమ్మే అంతా ఒక్క నిమిషంలో పోయింది. “సచ్చినానక్కో!” అని కాంపౌండులోకి ఉరికాడు. నేను పోయి నా గుర్తింపు కార్డు అంచుతో ముళ్లు గీకి తీసి, చల్లనీళ్ల గుడ్డ చుట్టాను. వేళ్లు బోండాల మాదిరి ఉబ్బాయి. అంత నొప్పిలోనూ ఆయన బుద్ధి ఊరుకోలేదు.

“డీజిలు గుడ్డ కట్టి కాల్చేద్దామక్కా.”

“తలుపు టేకుది. లోపల సారు ఉండాడు. పక్కన రికార్డు రూము. ఏది ముందు కాలాల?”

ఆయన దాన్ని నిజంగానే ఆలోచించాడు. అది చూసి నాకు భయమేసి, జీపు డ్రైవరుకు డీజిలు డబ్బా దాచిపెట్టమని చెప్పి వచ్చాను.

లోపల సారు ఫోన్ల మీద ఉన్నాడు. కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది. ఫైరు వాళ్లతో, “మంట లేదండీ, తేనెటీగలండీ,” అంటున్నాడు. మంట లేకుండా బండి ఎట్లా కదిలిస్తామన్నారు వాళ్లు. అడవి శాఖ వాళ్లు, అడవిలో ఉంటే మావి, ఆఫీసులో ఉంటే మీవి అన్నారు. తోటల శాఖ వాళ్లు మాత్రం మర్యాదగా మాట్లాడారు. తహశీల్దారు సంతకంతో ఉత్తరం ఒకటి, తహశీల్దారే స్వయంగా తెచ్చి ఇస్తే పరిశీలిస్తామన్నారు.

సారు ఫోను పెట్టేసి ఊచల దగ్గరికి వచ్చాడు. “ఏవండీ, గేటు దగ్గర బోర్డు పెట్టించండి. తేనెపట్టు ఉంది, ఎవరూ లోపలికి రావొద్దని. ఎవరికైనా ఏమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది.”

“అన్న చెయ్యి వాచిపోయింది సార్. రాసేవాళ్లు లేరు.”

ఆయన నా వైపు చూశాడు. తర్వాత టేబులు మీద పైనే ఉన్న నా ఫైలు వైపు చూశాడు. “మీకు రాయడం వచ్చనే కదండీ నన్ను సంతకం పెట్టమంటున్నారు? మీరే రాయండి. బయటికొచ్చి ఆ బోర్డు చూసి, అప్పుడే పెడతాను.”

ఆరు నెలలు ఎదురుచూసిన పరీక్ష ఇట్లా వచ్చింది. పాత నల్లబల్ల తీసి తుడిచి, సుద్దముక్క తడిపి, మోకాళ్ల మీద కూర్చుని రాశాను. చేతకాక చిన్నగా రాశాననుకుంటారని ఒక్కో అక్షరం జానెడు రాశాను.

ఆఫీసులో తేనె పట్టా ఉన్నది. ఎవరూ లోపలికి రాకూడదు. దూరంగా నిలబడవలెను.

రెండు సార్లు చదువుకున్నాను. ముచ్చటేసింది. గేటుకు ఆనించి వచ్చాను.

మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, బోర్డు చదివి, ఫోనుతో ఫోటో తీసుకుని పోయాడు. పాపం, పదిమందికి జాగ్రత్త చెబుతాడనుకున్నాను. చెప్పాడు కూడా. అరగంట కాకముందే మొదటి ఆటో వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. పామిడి బస్సు గేటు ముందర ఆగి సగం ఖాళీ అయింది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో ఆధారు జిరాక్సులు, రేషను కార్డులు, పాసు ఫోటోలు.

“ఏమప్పా, తేనె పట్టా అంటే ఏంది?”

“కొత్త స్కీమంట. ఈగల పెట్టెలు ఇచ్చి, అవి పెట్టుకోనీకి జాగా కూడా రాసిస్తారంట.”

“ఎన్ని సెంట్లు?”

“పెట్టెకు ఒగ సెంటు.”

“అట్లయితే నాకు ఆరు పెట్టెలు రాయించన్నా.”

“ఎవరూ రాకూడదని రాసినారు గదప్పా?”

“అందుకే రావాల! లోపల ఏమీ లేకుంటే రాకూడదని యాల రాస్తారు?”

నేను చేతులు అడ్డం పెట్టి అరిచాను. “ఈడ పట్టాలు ల్యా! పట్టు! తేనె పట్టు!”

“అక్కా, పట్టా ఉండాదని నువ్వే రాస్తివి. మేము వచ్చినాక లేదంటావు. అయినోళ్లకు ఇచ్చేసినారా?”

“నేను రాసింది పట్టు!”

“మాకు చదువు రాదనుకున్నావా? పోయి చూసుకో పో.”

పోయి చూసుకున్నాను. ట్టకు కొమ్ము ఉండాల్సిన చోట దీర్ఘం ఉంది. జానెడు దీర్ఘం. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఆఫీసులో గోడ మీద పట్టా, ఫైలు మీద పట్టా, వచ్చినవాళ్ల నోట్లో పట్టా. నా చెయ్యి తన దారిన తాను పోయింది. సారు బయటికి వస్తే ముందు చూసేది దీన్నే. కుర్చీ పోయిందనుకున్నాను. కొంగు తీసి తుడవబోయాను.

“చూడండప్పో, తుడిచేస్తాంది! ఎవరి పేర్లో రాసుకోనీకి తుడిచేస్తాంది!”

ఇద్దరు ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకున్నారు. ఒకాయన బోర్డును వీపుకు ఆనించుకుని కాపలా నిలబడ్డాడు. మిగిలిన జనం నన్ను దాటుకుని వరండాలోకి తోసుకున్నారు. తలుపు మీద గడ్డం కదలడం మొదలుపెట్టింది. మోత పెరిగింది. ఒక ఈగ ఎవరినైనా కుడితే వాళ్లు చెయ్యి విసురుతారు, విసిరితే ఇంకా పది లేస్తాయి, వరండా మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడతారు. అప్పుడు పోయేది నా కుర్చీ ఒక్కటే కాదు.

గుంపుకు ముందు ఒక అవ్వ ఉంది. గొర్రెలు కాచుకునే మనిషి. ఇంటి జాగా కోసం ఏడేళ్లుగా మా ఆఫీసుకు తిరుగుతోంది. ఆఫీసర్లు మారారు గానీ నేనూ ఆమే మారలేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. మనవరాలు ఫోనులో నా బోర్డు చదివి వినిపిస్తే మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చిందట. ఆమె తలెత్తి తలుపు పైకి చూసింది. చూసి, వెనక్కి తిరిగి, చేతికర్రను వరండాకు అడ్డంగా పట్టుకుని, “హో! హో! నిలబడండి!” అంది. మందను ఆపినట్టు. జనం ఆగిపోయారు. మందకూ మనుషులకూ ఆ గొంతు ఒకే మాదిరి పనిచేసింది.

“ఏమే పాపా, దీన్నేనా నువ్వు పట్టా అని రాసింది?”

“పట్టు అవ్వా. పట్టు అని రాయబోయి అట్ల రాసినాను.”

“ఇది పట్టూ కాదు పో! మైనం పెర యాడుండాది? తేనె యాడుండాది? ఈగలు తప్ప ఏమన్నా ఉండాయా? నువ్వు రాసిందీ తప్పే, రాయాలనుకున్నిందీ తప్పే.”

“మరి ఏందవ్వా ఇది?”

“దావలో దిగినాయి. గూడు చాలలేదు. ముసలి తల్లి గూడు కూతురికి ఇడిసిపెట్టి, సగం మందను పిల్చుకోని బయటికొచ్చింది. ఈడ రోంతసేపు కూచుంటాయి. అదో, పోతా వస్తా ఉండే నాలుగు ఉండాయి చూడు, అవి జాగా ఎతుకుతాండాయి.”

“ఏం జాగా?” అన్నాడు ఆరు పెట్టెలాయన.

“ఏం జాగా ఏందప్పా, ఇంటి జాగా. మన మాదిరే.”

వెనక నుంచి ఎవరో, “అట్లయితే సరైన ఆఫీసుకే వచ్చినాయి,” అన్నారు.

“అర్జీ పెట్టినాయా?”

“జిరాక్సులు తెచ్చినాయా?”

“వాటికి ఎన్నేండ్లు పడతాది అవ్వా?”

“సాయంత్రానికి దొరుకుతాది,” అంది అవ్వ. “వాటిలో ఆఫీసర్లు ల్యారు.”

తలుపు లోపల సారు దగ్గిన చప్పుడు వినబడింది.

అవ్వ హుకుం జారీ చేసింది. పొగ వద్దు, నీళ్లు వద్దు, అరుపులు వద్దు. ఇవి పుట్టతేనె ఈగలు కాబట్టి సరిపోయింది, కొండతేనెవి అయ్యుంటే బూజు కర్ర పట్టినాయన ఈపాటికి ఆస్పత్రిలో ఉండేవాడు. వాటి దావ వాటికి ఇడిసిపెట్టి అందరూ వెనక పక్కకు పోండి. పోయారు. వెనక పక్క ఏముంది? కిటికీ. కిటికీ వెనక సారు.

“సారు ఉండాడు రోయ్!”

“నిజంగానా?”

“ఉండాడు. యాడికీ పోలేడు!”

ఏళ్ల తరబడి క్యాంపులో ఉన్న మనిషి ఊచల వెనక కూర్చుని దొరికితే ఎవరు వదులుతారు? పట్టా లేకపోతే పోనీ, తెచ్చిన కాగితం ఇచ్చే పోదామనుకున్నారు. ఊచల సందులోంచి అర్జీలు లోపలికి పోవడం మొదలైంది. సారు మొదట, “రేపు రండమ్మా, రేపు,” అన్నాడు. ఆయన ఫోనులో చార్జి అయిపోయింది. పోవడానికి మీటింగు లేదు. కాసేపు గోడ క్యాలెండరు చూశాడు. చివరికి కళ్లద్దాలు తుడుచుకుని, “సరే, ఇటివ్వండి,” అని చదవడం మొదలుపెట్టాడు. నిజంగా చదివాడు. ఒక్కోరిని పిలిచి, ఇదేంటండీ, ఈ సర్వే నంబరు ఏంటండీ అని అడిగాడు.

అర్జీ తీసుకుంటే రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరు మా సీనియర్ అసిస్టెంటుది. ఆయన వేళ్లు వంగవు. పేజీ పైన ఆయన సంతకం లేకుండా మొదలుపెట్టడానికి లేదని లోపలి నుంచి సారు. నేను పోయి ఊదా ప్యాడు తెచ్చాను.

“ఎడమ బొటనవేలు అన్నా.”

“అక్కా, నేను ఎమ్మే.”

“తెలుసన్నా. నొక్కి తిప్పకు. ఊరికే పెట్టి తియ్యి.”

నన్ను చేర్చుకున్న రోజు అప్పటి గుమాస్తా నాతో అన్న మాటలే అవి. ఆయన వేలిముద్ర వేశాడు. కింద నేను రాయడం మొదలుపెట్టాను. కాంపౌండు గోడ నీడలో, నా స్టూలు మీద రిజిస్టరు పెట్టుకుని, నేను నేల మీద కూర్చుని. వరస నంబరు, పేరు, ఊరు, విషయం. చెయ్యి నొప్పి పుట్టింది గానీ ఆపలేదు. విషయం ఏమని రాయాలంటే మొదట నిలబడిన ఆరు పెట్టెలాయన, “తేనె పట్టా,” అన్నాడు.

“అది నా తప్పన్నా. అట్లాంటిది ల్యా.”

“ఉండనీలేక్కా. దాని కోసమే గదా వచ్చినాము. రేపు పొద్దున నిజంగానే వస్తే?”

వాదించి లాభం లేదని రాశాను. తర్వాతవాళ్లూ అదే చెప్పారు. వాళ్లందరికీ ‘సదరు’ అని రాసుకుంటూ పోయాను. అవ్వ వంతు వచ్చింది.

“నాకు సదరు వద్దు పాపా. తేనె కూడా వద్దు. ఉట్టి పట్టా రాయి.”

ఉట్టి పట్టా రాశాను. ఆ దీర్ఘం మాత్రం భయపడకుండా ఇచ్చాను.

నాలుగు గంటలప్పుడు అవ్వ తలెత్తి, “లేస్తాండాయి,” అంది. గడ్డం వదులైంది. ముద్ద ముద్దగా రాలి, రాలినవి రాలినట్టే పైకి లేచి, వరండా నిండి, ఆకాశంలో నల్లటి పొగగా తిరిగి, రోడ్డు దాటాయి. రోడ్డుకు అవతల మాకోసం కట్టిన కొత్త ఆఫీసు ఉంది. కట్టి ఏళ్లయింది, ప్రారంభించేవాళ్లు కుదరక తాళం వేసి ఉంది. వెంటిలేటరు అద్దం పగిలిన చోట ఒక్కొక్కటిగా లోపలికి దూరాయి. మా కొత్త ఆఫీసులోకి మాకంటే ముందు అవి దిగాయి.

“చూసినావా?” అంది అవ్వ. “ఒగ పూట.”

సారు తలుపు తీసి, తల మీద ఫైలు కప్పుకుని వంగి బయటికి వచ్చాడు. ఆ ఫైలు నాదే. జనం దారి ఇచ్చారు. ఆయన నేరుగా గేటు దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే. బోర్డుకు కాపలా ఉన్నాయన పక్కకు జరిగాడు. సారు చదివాడు. ఇంకోసారి చదివాడు. సీనియర్ అసిస్టెంటు వాచిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

“ఇది మీరే రాశారాండీ?”

“నేనే సార్.”

“ఎవరూ రాకూడదు అని రాశారు.”

“అవును సార్.”

“నా సర్వీసులో రమ్మని ఎన్నో నోటీసులు ఇచ్చానండీ. ఇంతమంది ఎప్పుడూ రాలేదు.” జేబులోంచి పెన్ను తీసి, బోర్డు పైనే ఫైలు ఆనించి ఏదో రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. ఏం రాశాడో చెప్పలేదు. నేనూ అడగలేదు. చదువుకోగలను కదా. అక్కడే నిలబడి, వేలు పెట్టుకుంటూ చదివాను.

‘ఈమెకు చదవడం, రాయడం వచ్చునని ధ్రువీకరించడమైనది. కొమ్ముకు బదులు దీర్ఘం ఇచ్చు అలవాటు కలదు. అక్షరాలు చాలా దూరానికి కూడా కనపడుచున్నవి.’

మరుసటి రోజు మొదటి బస్సుకు ఆ కాగితం నేనే అనంతపురం తీసుకుపోయి ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, ముద్ర వేశాడు. కుర్చీ వచ్చింది. ఒక చెయ్యి విరిగిన కుర్చీ, అయినా కుర్చీయే.

రికార్డు అసిస్టెంటుగా నా దగ్గరికి వచ్చిన మొదటి కట్ట ఆ రోజు అర్జీలే. తేనె పట్టా, కింద సదరు, సదరు, సదరు. పై ఆఫీసు వాళ్లు వాటిని చూసి, సదరు పథకం వివరాలు, లబ్ధిదారుల సంఖ్య తెలుపగలరు అని రాశారు. మేము తోటల శాఖకు రాశాము. వాళ్లు అడవి శాఖకు రాశారు. నేను రిటైరయ్యేనాటికి ఆ ఫైలు నాకంటే లావుగా ఉండేది. నా తప్పు వల్ల ఆలస్యమైనవాళ్లకు ఒక్కొక్కరికీ నేనే మళ్లీ వేరే అర్జీలు రాసిచ్చాను, ఈసారి కొమ్ములూ దీర్ఘాలూ వేలితో లెక్కపెట్టి. ఆ మొత్తం రిజిస్టరులో ఎక్కడా ఇరుక్కోకుండా నేరుగా పోయింది ఒక్క వరసే. ఉట్టి పట్టా.

మరుసటి సంవత్సరం అవ్వ వచ్చింది. కాగితం ఆమె చేతికిచ్చేది ఆఫీసరే గానీ, అది ఆమెకు చదివి వినిపించమన్నది నన్ను. నేను అన్నిటికంటే ముందు ఆ ఒక్క మాట కోసం వెతికాను. దీర్ఘం ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. అప్పుడు పేరు, ఊరు, ఎన్ని సెంట్లు, హద్దులు అన్నీ చదివి వినిపించాను. అవ్వ అంతా విని, కాగితం తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, గేటు బయటికి పోయి గట్టిగా ఒకసారి దులిపింది.

“ఏమే పాపా,” అంది అక్కడి నుంచే, “దీంట్లో ఈగలు ల్యావు గదా?”